వీసా కాగితాల మీద బార్‌కోడ్ మనమే వేసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, మాది విశాఖపట్నం, మర్రిపాలెం. మా చెల్లి డల్లాస్‌లో ఉంటుంది, తనకి డెలివరీ టైమ్ దగ్గర పడింది. అమ్మానాన్నలకి విజిటర్ వీసా కోసం ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా ఫారం నింపించాం. అమ్మ కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్‌లో బార్‌కోడ్ మధ్యలో తెల్ల గీత పడి సగం చెరిగిపోయినట్టుంది. షాపాయన "అదే నంబరుతో కొత్త బార్‌కోడ్ చేసి స్టిక్కర్ అంటిస్తా, స్కాన్ అయిపోతుంది" అంటున్నాడు. ఇంకో విషయం. మా బాబాయ్‌కి మా మేనత్త 2006లో అమెరికా నుంచి గ్రీన్ కార్డు పిటిషన్ వేసింది. ఇన్నాళ్ళకి నేషనల్ వీసా సెంటర్ (వలస వీసాల ఫైళ్ళు చూసే అమెరికా ప్రభుత్వ ఆఫీసు) వాళ్ళు కాగితాలు అడుగుతున్నారు. ప్రతి కాగితం మీదా కేసు నంబరు బార్‌కోడ్ వేసి పంపితే ఫైలు త్వరగా కదులుతుందని అదే షాపాయన చెప్పాడు, షీటుకి 150 రూపాయలట. ఫాంట్ డౌన్‌లోడ్ చేసుకుంటే మనమే చేసుకోవచ్చని నెట్‌లో కూడా చదివాను. చేసుకోవచ్చా? తప్పవుతుందా? ఫోటోలు పంపుతున్నాను. ఇంటర్వ్యూ దగ్గరికొచ్చేసింది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు సమాధానం చెప్పేస్తాను, ఎందుకన్నది తర్వాత చెబుతాను. అమ్మగారి పేజీ మీద స్టిక్కర్ అంటించొద్దు. బాబాయ్ కాగితాల మీద బార్‌కోడ్‌లు వేయించొద్దు, 150 రూపాయలు కాదు కదా, ఊరికే వేసిస్తానన్నా వద్దు. అమ్మగారి అసలు పేజీని కాసేపట్లో మళ్ళీ ప్రింట్ తీసుకోవచ్చు కాబట్టి స్టిక్కర్ అవసరమే లేదు. ఇక బాబాయ్ కాగితాల మీద బార్‌కోడ్‌లంటావా, వాటిని స్కాన్ చేసేవాళ్ళు ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు.

నువ్వు పంపిన రెండో ఫోటో ఉంది చూడు, షాపాయన శాంపిల్‌గా చేసిచ్చిన స్టిక్కరు, దాన్ని నా ఫోన్లో స్కాన్ చేశాను. చక్కగా చదివింది. గీతలు నల్లగా ఉన్నాయి, ఎక్కడా మసక లేదు, చూడ్డానికి అసలు పేజీ మీదున్న దానికంటే బాగుంది. కానీ ఫోన్లో వచ్చిన నంబరుని అమ్మగారి పేజీ మీది నంబరు పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూడు. ఏఏ తర్వాత రెండు సున్నాలు ఉండాలి. స్టిక్కర్‌లో అక్కడ సున్నాలు లేవు, ఇంగ్లీషు ఓ అక్షరాలు రెండున్నాయి. ఆయన పేజీ చూసి చేత్తో టైప్ చేశాడు, సున్నాల బదులు ఓ కొట్టాడు, అంతే. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి నువ్వు గమనించలేదు, ఆయనా గమనించలేదు. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండూ పూర్తిగా వేరు. ఆ స్టిక్కర్‌తో వెళ్ళి ఉంటే కౌంటర్ దగ్గర స్కానర్ కూత పెట్టేది, తెర మీద మాత్రం అలాంటి అప్లికేషన్ లేదని వచ్చేది, అక్కడ అమ్మగారు ఏం చెబుతారు?

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే నీకు సగం టెన్షన్ పోతుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఎక్కువగా వాడేది కోడ్ 39 అనే రకం. 1974లో ఇంటర్‌మెక్ అనే కంపెనీలో డేవిడ్ అలేస్, రే స్టీవెన్స్ అనే ఇద్దరు తయారు చేశారు. ఒక్కో అక్షరానికి ఐదు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు ఖాళీలు, మొత్తం తొమ్మిది. ఆ తొమ్మిదిలో మూడు లావుగా ఉంటాయి, 39 అనే పేరు అందులోంచే వచ్చింది. మొదట్లో ఒక నక్షత్రం గుర్తు, చివర్లో ఒక నక్షత్రం గుర్తు పెట్టి, మధ్యలో నంబరు కొట్టి, ఫాంట్ మారిస్తే బార్‌కోడ్ తయారు. డిగ్రీ చదివే పిల్లాడు కూడా చేసేస్తాడు. ఇందులో ఒక గీత మసకబారితే స్కానర్ సాధారణంగా చదవకుండా ఆగిపోతుంది, అంతవరకు మంచిదే. కానీ టైప్ చేసిన నంబరే తప్పయితే దాన్ని పట్టుకునే ఏర్పాటు అందులో తప్పనిసరి కాదు. కోడ్ 128 లాంటి వేరే రకాల్లో చివర ఒక తనిఖీ అంకె ఉంటుంది నిజమే, కానీ దాన్నీ మనం కొట్టిన నంబరు నుంచే లెక్కగడతారు కాబట్టి తప్పు నంబరుకి సరిగ్గా సరిపోయే తనిఖీ అంకె వచ్చి కూర్చుంటుంది. స్కాన్ అవుతోంది కాబట్టి సరిగ్గా ఉన్నట్టే అని షాపాయన అనుకోవడంలోనే పొరపాటుంది.

డీఎస్-160 పేజీ మీది బార్‌కోడ్‌లో అమ్మగారి పేరు, ఫోటో, జీతం వివరాలు ఏవీ దాక్కుని లేవు. దాని కింద అక్షరాల్లో కనిపిస్తున్న అప్లికేషన్ నంబరే గీతల్లో ఉంటుంది. ఆఫీసరు ఆ నంబరు పట్టుకుని తన కంప్యూటర్లో ఉన్న అప్లికేషన్ తెరుస్తాడు, చూసేదీ అడిగేదీ దాన్ని బట్టే. రైల్లో టీటీఈ దగ్గర చార్టు ఉన్నట్టు, అసలు రికార్డు వాళ్ళ దగ్గరుంది. అందుకే బార్‌కోడ్ అందంగా ఉన్నంత మాత్రాన కేసుకి బలం రాదు, కొంచెం చెరిగినంత మాత్రాన కేసు పోదు. స్కాన్ కాకపోతే చేత్తో నంబరు కొట్టుకోవడానికి కిందే అక్షరాల్లో ఉంటుంది కదా.

మరి అంటిస్తే నష్టమేంటి అంటావేమో. నంబరు సరిగ్గానే ఉన్న స్టిక్కర్ అంటిస్తే అది నేరం అని నేను అనను, నిన్ను భయపెట్టడం నాకిష్టం లేదు. కానీ ఆ కాగితం వాళ్ళ వెబ్‌సైట్ నుంచి వచ్చింది, దాని మీద ఇంకెవరో ఏదో అతికించారు. లోపల కూర్చున్నవాళ్ళు దొంగ కాగితాలు చూసి చూసి ఉన్నవాళ్ళు. అతికించిన కాగితం కనపడగానే వాళ్ళ చూపు మారుతుంది. మనవరాలినో మనవడినో చూడ్డానికి వెళ్ళే అమ్మగారిని చెల్లి గురించి, తిరిగి రావడం గురించి అడగాల్సిన కాస్త సమయం కాస్తా, ఇదెవరు అంటించారు, ఎందుకు, ఇంకేం మార్చారు అన్న ప్రశ్నలకి పోతుంది. ఆవిడకి ఆ జవాబులు తెలీవు, ఖంగారు పడతారు. ఖంగారులో అబద్ధం ఒక్కటి దొర్లితే అప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది, ఎందుకంటే వీసా కోసం ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పారని అమెరికా వాళ్ళు తేలిస్తే ఆ అనర్హత జీవితాంతం ఉంటుంది. మినహాయింపు అడిగే దారి ఉంది కానీ అది తేలికైన దారి కాదు. కెనడా వాళ్ళయితే ఇలాంటి దానికి ఐదేళ్ళు రానివ్వరు.

సరే, ఇప్పుడు అమ్మగారి పేజీ సంగతి చూద్దాం. డీఎస్-160 నింపిన అదే ప్రభుత్వ వెబ్‌సైట్‌కి వెళ్ళు, ఊరు హైదరాబాద్ ఎంచుకో, ఇంతకుముందు నింపిన అప్లికేషన్‌ని తిరిగి తెరిచే ఆప్షన్ ఉంటుంది. అప్లికేషన్ నంబరు, ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, సెక్యూరిటీ ప్రశ్నకి జవాబు అడుగుతుంది. మన తెలుగువాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. ఇంటిపేరు అంటే మనం రోజూ అనుకునే ఇంటిపేరు కాదు, ఫారంలో సర్‌నేమ్ అన్న గడిలో ఏం రాశారో అది. కొంతమంది పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకేచోట ఉంటుంది. అలాంటివాళ్ళకి ఫారంలో ఆ పేరంతా సర్‌నేమ్‌లో వేసి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని రాస్తారు. అమ్మగారి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చూసుకో. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో పాస్‌పోర్టు ఉండిపోయినవాళ్ళు కూడా ఉంటారు, అదీ చూడు. సెక్యూరిటీ ప్రశ్న జవాబు షాపాయనే ఏదో పెట్టి ఉంటాడు, వెళ్ళి అడుగు, ఒక కాగితం మీద రాయించుకో. చాలా షాపుల్లో అందరికీ ఒకే జవాబు పెట్టేస్తారు, అది వేరే గొడవ, షాపు చేతిలో ఉండిపోయే ఇలాంటి వాటి సంగతి చివర్లో చెబుతాను.

తెరుచుకున్నాక కన్ఫర్మేషన్ పేజీ ప్రింట్ తీసే బటన్, మెయిల్‌కి పంపే బటన్ రెండూ ఉంటాయి. ముందు నీ మెయిల్‌కి పంపుకో, అప్పుడు పీడీఎఫ్ నీ దగ్గరే ఉంటుంది. ఆ పీడీఎఫ్ తీసుకెళ్ళి లేజర్ ప్రింటర్ మీద ప్రింట్ తీయించు. నీ మొదటి ఫోటోలో ఉన్న తెల్ల గీత ఇంక్‌జెట్ ప్రింటర్ హెడ్ పూడుకుపోయినప్పుడు వచ్చే గీత, పేజీ మొత్తం అదే వరసలో సాగింది చూడు, ఫోటోలో అమ్మగారి నుదుటి మీద కూడా పడింది. వేరే మెషీన్ మీద తీస్తే పోతుంది. పైగా మన విశాఖ గాలికి ఇంక్‌జెట్ ప్రింట్ మంచిది కాదు. సముద్రపు తేమకి కాగితం మెత్తబడుతుంది, ఇంకు నీళ్ళది కాబట్టి చెమట చెయ్యి తగిలినా పాకుతుంది, గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. లేజర్‌ది పొడి, వేడికి కరిగి కాగితానికి పట్టేస్తుంది, చెదరదు.

ప్రింట్ ఇచ్చేటప్పుడు సైజు తగ్గించొద్దని చెప్పు, రెండు పేజీలు ఒకే కాగితం మీద కుదించొద్దని చెప్పు. ఎందుకంటే స్కానర్ చూసేది గీతల లావు సన్నాల తేడానే, కుదిస్తే ఆ తేడా కలిసిపోతుంది. గీతలకి ఎడమా కుడీ తెల్లగా కొంత ఖాళీ కూడా ఉండాలి, ఎక్కడ మొదలైందో స్కానర్‌కి తెలిసేది దాన్ని బట్టే, కాబట్టి ఆ చోట పెన్నుతో టిక్కు పెట్టడం, స్టేపుల్ కొట్టడం, పసుపు కుంకుమ బొట్టు పెట్టడం చేయకండి. నవ్వులాటకి చెప్పడం లేదు, సంపత్ వినాయకుడి గుడిలో పూజ చేయించిన కాగితాల్ని నేను చూశాను, భక్తి మంచిదే, కవరు మీద పెట్టించుకోండి. లామినేషన్ వద్దు, మెరుస్తుంది, స్కానర్‌కి ఇబ్బంది. మడత పెట్టకుండా ఏ4 ఫైల్ కవర్లో పెట్టి, ఇద్దరివీ రెండేసి కాపీలు ఉంచు. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి పీడీఎఫ్ ఫోన్లో ఉంది కదా అన్న ధీమా పనికిరాదు, కాగితమే ఉండాలి. హైదరాబాద్‌లో వేలిముద్రలకి వెళ్ళే చోటు వేరు, ఇంటర్వ్యూకి వెళ్ళే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ వేరు. రెండుచోట్లా ఈ పేజీ కావాలి, వేలిముద్రల దగ్గరిచ్చి మర్చిపోయి వచ్చేయకుండా చూసుకోమని నాన్నగారికి ఒకటికి రెండుసార్లు చెప్పు.

ప్రింట్ కంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. అపాయింట్‌మెంట్ బుక్ చేసినప్పుడు అందులో ఇచ్చిన డీఎస్-160 నంబరు, ఇప్పుడు చేతిలో ఉన్న పేజీ మీది నంబరు ఒకటేనా? అక్కడ కూడా షాపాయన చేత్తోనే కొట్టి ఉంటాడు, సున్నాకీ ఓకీ అక్కడ కూడా తేడా వచ్చి ఉండొచ్చు. స్టిక్కర్ గురించి నువ్వు భయపడుతున్నావు కానీ నా భయమంతా దీని గురించే. అపాయింట్‌మెంట్ కాగితం తీసి, అమ్మగారిదీ నాన్నగారిదీ విడివిడిగా అక్షరం అక్షరం చూడు, ఇద్దరివీ ఒకదాని బదులు ఒకటి పడలేదు కదా అన్నది కూడా చూడు. తప్పుంటే అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో సరిచేయించు, ఇంటర్వ్యూ రోజు పొద్దున్న దాకా ఆగొద్దు. ఒకవేళ ఫారంలోనే తప్పు కనిపించిందనుకో, పుట్టిన తేదీయో పాస్‌పోర్టు నంబరో, అప్పుడు పెన్నుతో దిద్దకూడదు. కొత్త డీఎస్-160 నింపాలి, దానికి కొత్త నంబరు వస్తుంది, ఆ కొత్త నంబరుని అపాయింట్‌మెంట్‌లో మార్చుకోవాలి. ఫారం నింపడానికి ప్రభుత్వానికి డబ్బేమీ కట్టనక్కర్లేదు, కట్టేది వీసా ఫీజు 185 డాలర్లు, అది మీరు ఎప్పుడో కట్టేశారు.

ఫారం తెరిచి ఎలాగూ చూస్తావు కాబట్టి ఒక్క ప్రశ్న దగ్గర ఆగు. ఈ అప్లికేషన్ నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని చివర్లో అడుగుతారు. షాపాయన నింపాడు, కాబట్టి అవును అని, ఆయన వివరాలతో ఉండాలి. చాలా నెట్ సెంటర్లలో అక్కడ లేదు అని కొట్టేసి పంపేస్తారు, తమ పేరు రాకుండా. తర్వాత ఆఫీసరు ఫారం ఎవరు నింపారు అని అడిగితే అమ్మగారు ద్వారకానగర్‌లో షాపాయన అని నిజం చెబుతారు, కాగితంలో ఇంకోటి ఉంటుంది. అమ్మానాన్నలు కంప్యూటర్ రాక షాపులో నింపించుకోవడంలో తప్పేమీ లేదు, దాచడంలోనే ఇబ్బంది.

ఇక బాబాయ్ కేసు. తోబుట్టువుల కేటగిరీలో 2006 పిటిషన్ అంటే దాదాపు ఇరవై ఏళ్ళ ఎదురుచూపు. అన్నేళ్ళు ఆగిన మనిషికి ఏదో ఒకటి చేసి ఒక్క వారం ముందుకి జరగాలనిపించడం సహజం, అందుకే షాపాయన మాట చెవికెక్కింది.

ఆ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కూడా కాదు. కాగితాలన్నీ పోస్టులో పంపే రోజుల్లో, అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లో ఉన్న నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్ళే ప్రతి కట్ట పైన ఒక బార్‌కోడ్ షీటు పెట్టాలి. ఫీజు కట్టాక వెబ్‌సైట్ నుంచి ఆ షీటు ప్రింట్ తీసుకోవాలి. సంచుల కొద్దీ వచ్చే కవర్లని విప్పి, ఆ షీటు స్కాన్ చేసి, ఏ కేసులో పడాలో అందులో పడేసేవారు. వెబ్‌సైట్ మొండికేసి షీటు రానప్పుడు కొంతమంది కోడ్ 39 ఫాంట్ దింపుకుని కేసు నంబరుతో సొంతంగా షీట్లు చేసుకున్నారు. నిజానికి షీటు లేకపోతే ప్రతి కాగితం పైన కుడి మూల కేసు నంబరు రాసి పంపినా తీసుకునేవారు, కానీ గీతలుంటే మెషీన్ త్వరగా చదువుతుందన్న ఆశ జనానిది. నువ్వు నెట్‌లో చదివింది ఆ కాలం నాటి ముచ్చట.

ఇప్పుడు మన ఇండియా కేసుల్లో కాగితాలు పోస్టులో వెళ్ళవు. బాబాయ్ లాగిన్ అయి ఒక్కో పత్రాన్నీ దానికి కేటాయించిన చోట అప్‌లోడ్ చేయాలి. ఏ కేసు అన్నది లాగిన్‌తోనే తెలిసిపోయింది, ఏ పత్రం అన్నది పెట్టిన చోటుని బట్టి తెలిసిపోయింది. అక్కడ చూసేది మనిషి, తెర మీద చూస్తాడు. కాగితం మీద గీతలు ఉంటే స్కానర్ తెచ్చి తెర మీద పెట్టడు కదా. పైగా బర్త్ సర్టిఫికెట్ మీద, పెళ్ళి సర్టిఫికెట్ మీద బయటివాళ్ళ ముద్ర ఏదైనా పడితే, అది అసలు పత్రంలో భాగమా, తర్వాత వేసిందా అన్న అనుమానం వస్తుంది. తర్వాత ఇంటర్వ్యూ ముంబైలో ఉంటుంది, అక్కడికి ఒరిజినల్స్ పట్టుకెళ్ళాలి. అప్‌లోడ్ చేసిన కాపీ మీద బార్‌కోడ్ ఉండి, ఒరిజినల్ మీద లేకపోతే ఆ తేడాని వివరించే పని బాబాయ్ మీద పడుతుంది. ఒరిజినల్ మీదే వేయిస్తే అది ఇంకా ఘోరం, అలాంటి పని మాత్రం అస్సలు చేయించొద్దు.

ఆ డబ్బు, ఆ తిరుగుడు వేరే చోట పెట్టమని బాబాయ్‌కి చెప్పు. ఆయన 1970 ఏప్రిల్‌కి ముందు పుట్టి ఉంటే, చాలావరకు పుట్టుక రికార్డు ఉండదు, ఎందుకంటే జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అప్పుడు రికార్డు లేదని పుట్టిన ఊరి అధికారుల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. ఊళ్ళో పుడితే పంచాయతీ దగ్గర మొదలు పెట్టాలి, విశాఖ నగరంలో పుడితే జీవీఎంసీ. దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్ లాంటి పాత పత్రాలు, పుట్టుక సంగతి తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు జత చేయాలి. అత్తా బాబాయ్ తోబుట్టువులే అని తేలాల్సిన కేసు కాబట్టి ఇద్దరి కాగితాల్లోనూ తల్లిదండ్రుల పేర్లు ఒకేలా ఉండటం ప్రాణం. తాతగారి పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఇంటిపేరు లేకుండా, ఒకచోట అప్పారావు, ఇంకోచోట అప్పలరావు అని ఉండటం మన ఇళ్ళల్లో మామూలే, అదేమైనా ఉందేమో ఇప్పుడే వెతకండి. తెలుగులో ఉన్న పత్రాలకి ఇంగ్లీషు అనువాదం చేయించండి, అనువాదం సరిగ్గా ఉందని, తనకి రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం పెట్టాలి. పోలీస్ క్లియరెన్స్ మీ మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు నుంచే వస్తుంది. స్కాన్ కలర్‌లో, నాలుగు అంచులూ కనిపించేలా, వెనక వైపు ముద్రలుంటే వెనక వైపు కూడా, ఒక పత్రం పేజీలన్నీ ఒకే ఫైలుగా. కేసు ఆలస్యమయ్యేది ఇలాంటివి తక్కువైతేనే. ఈ దశలో ఫీజులు రెండే, వీసా ఫీజు మనిషికి 325 డాలర్లు, అత్త స్పాన్సర్ పత్రానికి కేసు మొత్తానికి 120 డాలర్లు, రెండూ ప్రభుత్వ సైట్‌లోనే కడతారు. బార్‌కోడ్‌కి ఫీజు అనేది లేదు.

బాబాయ్ కేసు నంబరు బీఎంబీతో మొదలై పక్కన పది అంకెలుంటాయి. ఎప్పుడైనా సందేహం అడుగుతూ వాళ్ళకి రాయాల్సి వస్తే ఆ నంబరు మామూలు అక్షరాల్లో పెద్దగా, స్పష్టంగా రాస్తే చాలు.

నీ లెటర్లో అడగలేదు కానీ మన ఊళ్ళో పిల్లలు చాలామంది వెళ్ళే దేశాల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడ బార్‌కోడ్ వ్యవహారం పూర్తిగా వేరు, ఈ షాపాయనే రేపు నీ ఫ్రెండ్‌కి కూడా ఇదే సలహా ఇవ్వొచ్చు. కెనడా వాళ్ళ ఐఎంఎం అనే వీసా ఫారాల చివరి పేజీలో, అమెరికాలో ఇప్పటి ఐ-130 (అత్త వేసిన లాంటి పిటిషన్ ఫారం) లాంటి వాటి అడుగున, వెడల్పుగా, చిన్న చిన్న నల్ల గళ్ళు కిక్కిరిసి ఉండే దిమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని పీడీఎఫ్417 అంటారు, 1991లో సింబల్ టెక్నాలజీస్ అనే కంపెనీ తెచ్చింది. ఇందులో ఉండేది ఒక నంబరు కాదు, ఒక్క దిమ్మలో 1,850 అక్షరాల దాకా పడతాయి. అంటే మనం ఫారంలో టైప్ చేసిందే అందులో ఉంటుంది. అంచు కాస్త చిరిగినా, మరక పడ్డా మిగతా భాగం నుంచి లెక్కగట్టి చదివేసే ఏర్పాటు కూడా దానికుంది. అందుకే దాన్ని ఇంట్లో తయారు చేయాలనుకోవడం వృథా, ఆ ఫారం తనంతట తాను చేసుకుంటుంది.

కెనడా ఫారం అయితే అడోబీ రీడర్‌లోనే తెరవాలి, బ్రౌజర్‌లో తెరిస్తే ఆగమని చెప్పే పేజీ తప్ప ఏమీ రాదు. నింపాక వాలిడేట్ అనే బటన్ నొక్కాలి. ఖాళీలుంటే ఎర్రగా చూపిస్తుంది, అంతా సరిపోతే బార్‌కోడ్ వస్తుంది. ఆ తర్వాత ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ వాలిడేట్ చేయాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, ప్రింట్ తీసేశాక పాస్‌పోర్టు నంబరులో తప్పు కనిపిస్తుంది, వైట్‌నర్ పూసి పైన పెన్నుతో దిద్దేస్తారు. కాగితం మీద కొత్త నంబరు, గళ్ళల్లో పాత నంబరు. స్కాన్ చేసే ఆఫీసులో కంప్యూటర్‌కి ఎక్కేది గళ్ళల్లో ఉన్నదే. అలాంటప్పుడు ఫారం మళ్ళీ తెరిచి సరిచేసి కొత్తగా ప్రింట్ తీయడమొక్కటే దారి. పాత ప్రింట్‌లోని బార్‌కోడ్ పేజీని కొత్త ఫారానికి జత చేయడం కూడా అదే తప్పు. పేజీలన్నీ ఒకేసారి తీసినవై ఉండాలి.

షాపాయన మోసగాడని నేను అనుకోవడం లేదు. స్టిక్కర్ స్కాన్ అవుతుందని ఆయన నిజంగానే నమ్మి ఉంటాడు, అది స్కాన్ అవుతోంది కూడా. వెళ్ళి గొడవ పడకు. సున్నా బదులు ఓ పడిందని చూపించు, ఆయన ఇంకెంతమందికి ఇలా చేసిచ్చాడో వాళ్ళకైనా ఫోన్ చేసి చెబుతాడు. బాబాయ్ షీట్లకి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడుగు, మొహమాటపడకు.

చివర్లో చెబుతానన్న సంగతి ఇది. అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌ని షాపాయన ఎవరి మెయిల్‌తో తెరిచాడో కనుక్కో. సాధారణంగా షాపు మెయిలే పెడతారు, ఇంటర్వ్యూ తేదీ మారినా, ఏదైనా సమాచారం వచ్చినా ఆ మెయిల్‌కే వెళుతుంది, నీకు తెలీదు. ప్రొఫైల్‌లో నీ మెయిల్, నీ ఫోన్ నంబరు పెట్టించు, పాస్‌వర్డ్ ఆయన ముందే మార్చేయి. ఈ పని రేపు షాపు తెరవగానే చెయ్యి, డీఎస్-160 సెక్యూరిటీ జవాబు కూడా అప్పుడే రాయించుకో. అమ్మగారి కొత్త ప్రింట్ తీశాక, అపాయింట్‌మెంట్ కాగితంతో నంబర్లు సరిపోయాయో లేదో నాకు ఒక ముక్క రాయి. తేడా ఉంటే ఇంటర్వ్యూ తేదీ కూడా రాయి, ఎంత టైమ్ ఉందో చూసి ఏం చేయాలో చెబుతాను.